అట్టపెట్టె, పాత టీషర్టు, ఖాళీ సీసా: పిల్లలతో చేతిపనులపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు. అతకలేదు, ఊడిపోయింది, బూజు పట్టింది, వంకర పోయింది. తప్పు పిల్లల చేతిదనో, తమకే ఓపిక చాలలేదనో కొందరు బాధపడ్డారు కూడా. నిజానికి తప్పు చేతిది కాదు. కాగితం, ప్లాస్టిక్, నూలు బట్ట, రేకు... దేని గుణం దానిదే. ఆ గుణం తెలిసి మొదలుపెడితే ఆరేళ్ల పిల్ల చేసిన బుట్ట కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. అందుకే కొలతలతో పాటు కారణాలూ రాస్తున్నాం.

ప్రశ్న: పాత పేపర్లు, మైదా జిగురుతో పిల్లలు గిన్నె చేశారు. మూడో రోజుకి లోపల నల్లటి బూజు, పులిసిన వాసన. పైన మాత్రం ఎండినట్టే ఉంది. ఎక్కడ తప్పింది?

ఒకేసారి ఎక్కువ పొరలు వేసి ఉంటారు. పైపొర ఎండి గట్టిపడగానే లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపల తడీ పిండీ ఉన్నాయి, గాలి ఆడదు. బూజుకి ఇంకేం కావాలి? ఒక విడతకి 3 పొరలు మించకండి. అవి పూర్తిగా ఎండడానికి ఒక రోజు పడుతుంది, ముసురు పట్టిన రోజుల్లో రెండు. ఆ తర్వాతే మరో 3 పొరలు. చిన్న గిన్నెకి మొత్తం 6 నుంచి 8 పొరలు చాలు.

జిగురు చిక్కదనం కూడా చూసుకోవాలి. ఒక కప్పు మైదాని ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. 4 కప్పుల నీళ్లు మరగనిచ్చి, అందులో ఈ పిండినీళ్లు సన్నగా పోస్తూ 3 నిమిషాలు ఆపకుండా తిప్పాలి. పలచని పెరుగులా అయ్యాక దించి, ఒక పెద్ద చెంచా ఉప్పు కలపండి. ఉప్పు బూజుని ఆలస్యం చేస్తుందే కానీ పూర్తిగా ఆపదు. బూజుకి అసలైన మందు ఎండబెట్టడమే.

కాగితం కత్తిరించకండి, చింపండి. కత్తెరతో కోసిన అంచు మెట్టులా నిలబడి, ఎండాక గీతలా కనిపిస్తుంది. చింపిన అంచున పీచు బయటికి వస్తుంది కాబట్టి పక్క ముక్కలో కలిసిపోతుంది. 2.5 సెం.మీ. వెడల్పు, 10 సెం.మీ. పొడవు ముక్కలు బాగుంటాయి. పేపరు ఒకవైపు చింపితే గీత గీసినట్టు వస్తుంది, రెండోవైపు చింపితే వంకర టింకరగా పోతుంది. కాగితం తయారయ్యేటప్పుడు యంత్రం నడిచే దిశలోనే పీచు ఎక్కువగా పరుచుకుంటుంది, అదీ కారణం. ఏ వైపు తిన్నగా వస్తుందో పిల్లలనే కనుక్కోమనండి.

ముక్కని జిగురులో ముంచాక చూపుడు వేలికీ మధ్య వేలికీ నడుమ పెట్టి ఒక్కసారి లాగితే ఎక్కువైన జిగురు గిన్నెలోకే జారిపోతుంది. పిల్లలు మరిచిపోయేది ఇదే. జిగురు కారుతున్న ముక్క అంటించారంటే ఎండే సమయం రెట్టింపు. ఒక పొర నలుపు అచ్చు ఉన్న పేపరుతో, మరో పొర తెల్ల కాగితంతో వేయించండి. ఎక్కడ కప్పారో, ఎక్కడ వదిలేశారో వాళ్లకే తెలిసిపోతుంది. పత్రికల నున్నటి రంగు కాగితం వద్దు. పైన ఉన్న పూత వల్ల తడి పీల్చదు, ఎండాక పెచ్చులుగా లేస్తుంది.

అచ్చుగా పెట్టిన గిన్నెకి ముందే పలచగా నూనె రాయండి, లేదా ప్లాస్టిక్ పొర చుట్టండి. పైభాగం గట్టిపడగానే అచ్చులోంచి తీసి బోర్లా కాకుండా పక్కకి వాల్చి పెట్టండి, లోపలికీ గాలి తగులుతుంది. ఎండిందో లేదో చూడాలంటే చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఆవిరవుతూనే ఉందని అర్థం. పూర్తిగా ఎండిన గిన్నెని గోటితో కొడితే టక్కుమంటుంది, తడి గిన్నె మందంగా పలుకుతుంది. బూజు పట్టిన గిన్నెకి రంగు వేసి దాచకండి, పారేయండి.

ప్రశ్న: గిన్నె బదులు బెలూన్ మీద చేశాం. ఒకటి ఎండలో పేలింది. ఇంకోటి తెల్లారేసరికి సొట్టలు పోయింది.

రెండింటికీ కారణం లోపలి గాలే. ఎండలో వేడికి గాలి వ్యాకోచించి బెలూన్ సాగుతుంది, రాత్రి చల్లబడితే కుంచించుకుపోతుంది. దాన్ని పట్టుకుని ఉన్న తడి కాగితం కూడా వెంట లోపలికి పోతుంది. నీడలో, గాలి ఆడే చోట వేలాడదీయండి. ఎండాక పిన్నుతో టప్పున పేల్చకూడదు. ముడి పక్కన చిన్న గాటు పెట్టి గాలి మెల్లగా పోనిస్తే రబ్బరు లోపలి గోడ నుంచి చిన్నగా ఊడి వస్తుంది. పిల్లలు ఆ శబ్దం దగ్గరగా వినాలని ఎగబడతారు, విననివ్వండి. రబ్బరు ముక్కలు మాత్రం వెంటనే ఏరేయండి. పసిపిల్లల గొంతులో అడ్డం పడితే చాలా ప్రమాదం.

ప్రశ్న: ప్లాస్టిక్ డబ్బాల మీద మా అబ్బాయి ఎంతో ఇష్టంగా రంగులు వేశాడు. వారం తిరక్కుండానే పెచ్చులు లేచిపోయాయి. మూతలు అంటించినా ఊడిపోతున్నాయి. మంచి జిగురు చెప్పండి.

జిగురు మార్చినంత మాత్రాన ఇది తీరదు. ముందు డబ్బా అడుగున చూడండి. త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. 1 అంటే నీళ్ల సీసాల ప్లాస్టిక్, పెట్. 2, 4 పాలిథిలీన్, 5 పాలీప్రొపిలీన్, 6 పాలీస్టైరీన్, అంటే థర్మోకోల్ జాతి. సీసా మూతలు సాధారణంగా 2 లేదా 5. ఈ 2, 4, 5 రకాల మీద ఇంట్లో దొరికే ఏ జిగురూ నిలవదు. వాటి ఉపరితలం జిడ్డుగా, ఏదీ అంటనివ్వని గుణంతో ఉంటుంది. ఒక నీటి చుక్క వేసి చూడండి. పరుచుకోకుండా ముత్యంలా నిలబడితే రంగూ జిగురూ కూడా అలాగే ముడుచుకుపోతాయి.

తెల్ల జిగురుకి ఇంకో ఇబ్బంది ఉంది. అందులోని నీరు బయటికి పోతేనే అది పడుతుంది. కాగితం, చెక్క, బట్ట ఆ నీటిని పీల్చుకుంటాయి. ప్లాస్టిక్‌ని ప్లాస్టిక్‌కి అంటిస్తే నీరు పోయే దారే లేదు, రోజుల తరబడి మధ్యలో పాలలా ఉండిపోతుంది.

కాబట్టి మూతల్ని అంటించకండి. కుట్టండి, కట్టండి. పెద్దవాళ్లు రంధ్రం పెడితే పిల్లలు పురికొస గానీ సన్న తీగ గానీ దూర్చి ముడి వేస్తారు. చక్రాలు, గొలుసులు, గలగలలాడే బొమ్మలు అన్నీ ఇలా చేయొచ్చు. ముడి వేయడం పిల్లల వేళ్లకి మంచి పని, జిగురు పూయడం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

రంగు విషయానికొస్తే, సబ్బుతో కడిగి ఆరబెట్టి, 220 నంబరు సాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దండి. పోస్టర్ రంగు వద్దు, ఎండాక పెళుసెక్కి ప్లాస్టిక్ వంగగానే రాలుతుంది. ఆక్రిలిక్ రంగు కాస్త సాగుతుంది కాబట్టి నిలుస్తుంది. పోస్టర్ రంగే ఉంటే సమపాళ్లలో తెల్ల జిగురు కలపండి, కొంత మెరుగు. అన్నిటికన్నా నమ్మకమైనది డబ్బా చుట్టూ పాత బట్ట చుట్టి కుట్టేసి, ఆ బట్ట మీద రంగు వేయించడం.

థర్మోకోల్‌కి మాత్రం స్ప్రే రంగులు, ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగుర్లు తగలనివ్వకండి. వాటిలోని ద్రావకం థర్మోకోల్‌ని కరిగించి గుంతలు చేస్తుంది. దానికి తెల్ల జిగురే సరైనది.

ప్రశ్న: పాత టీషర్టులు జడలు అల్లి గుండ్రటి చాప కుడుతున్నాం. నాలుగైదు చుట్లు అయ్యేసరికి మధ్యలో లేచి గిన్నెలా అయింది. పిల్లలు నిరుత్సాహపడ్డారు.

విప్పేయాల్సి వస్తుందేమోనని భయపడకండి, అంతా విప్పక్కర్లేదు. చదునుగా ఉన్న చుట్టు దాకా విప్పి అక్కడి నుంచి కుడితే చాలు.

ఇక్కడ ఉన్నది చిన్న లెక్క. జడ వెడల్పు 2 సెం.మీ. అయితే, ప్రతి కొత్త చుట్టుకి లోపలి చుట్టు కన్నా దాదాపు 12.5 సెం.మీ. ఎక్కువ జడ పడుతుంది. చాప అరచేయంత ఉన్నా, గది అంత ఉన్నా ఆ అదనం అంతే. ఆ 12.5 సెం.మీ. ఇవ్వకుండా జడని బిగలాగి కుడితే బయటి చుట్టు బిగుసుకుని లోపలి భాగాన్ని పైకి నెడుతుంది. మరీ వదులుగా ఇస్తే అంచు లంగా కుచ్చిళ్లలా అలలు పోతుంది. పిల్లల చేత టేపుతో కొలిపించండి, లెక్కల పుస్తకంలోని వృత్తం అక్కడ చేతికి తగులుతుంది.

కుట్టేటప్పుడు చాప ఒళ్లో ఉండకూడదు. ఒళ్లో పెట్టుకుంటే మోకాళ్ల వంపు దానికీ వస్తుంది. బల్ల మీదో నేల మీదో పరిచి కుట్టాలి. మొద్దు మొన, పెద్ద కన్ను ఉన్న సూది, గట్టి నూలు దారం తీసుకోండి. లోపలి జడలో ఒక పాయలోంచి, బయటి జడలో ఒక పాయలోంచి దూర్చుతూ పోండి. కొన్ని కుట్లకోసారి బయటి జడలో ఒక పాయని వదిలేయండి. అలా వదిలితేనే బయటి జడ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. మధ్యలో చుట్లు చిన్నవి కాబట్టి దగ్గరదగ్గరగా వదలాలి, బయటికి పోయే కొద్దీ దూరం దూరంగా. ప్రతి చుట్టు తర్వాత అరచేత్తో అణిచి చూడండి.

జడ అల్లే పట్టీని టీషర్టు నుంచి ఎలా తీయాలని ఇంకో పాఠకురాలు అడిగారు. చంకల కింద అడ్డంగా కోసి పైభాగం పక్కన పెట్టండి. మిగిలిన గొట్టాన్ని చదునుగా పరిచి, ఒక పక్క 3 సెం.మీ. వదిలేసి, 2.5 సెం.మీ. వెడల్పున అడ్డంగా కోసుకుంటూ పోవాలి. వదిలిన భాగాన్ని తెరిచి, ఒక గాటు నుంచి ఎదుటి వరసలోని తర్వాతి గాటుకి ఏటవాలుగా కోస్తే ముక్కలన్నీ ఒకే పొడవాటి పట్టీ అవుతాయి. తర్వాత రెండు చేతులతో పట్టుకుని లాగండి. అంచులు వాటంతటవే లోపలికి చుట్టుకుని గుండ్రటి తాడు అవుతుంది. పిల్లలకి ఈ పనిలో బాగా నచ్చే క్షణం ఇదే, కాబట్టి లాగే పని వాళ్లకే వదలండి. రబ్బరు బొమ్మ అచ్చు వేసిన చోట మాత్రం చుట్టుకోదు, ఆ భాగం తీసేయండి.

పెద్దవాళ్ల టీషర్టు ఒకటి 16 నుంచి 18 మీటర్ల పట్టీ ఇస్తుంది. 60 సెం.మీ. వ్యాసం ఉన్న చాపకి 14 మీటర్ల జడ కావాలి. అల్లికలో కొంత పొడవు పోతుంది కాబట్టి మూడు పాయలకీ కలిపి 55 మీటర్లు. అంటే నాలుగు టీషర్టులు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా పాపకి మూడేళ్లు. తనకి ఏ పని ఇవ్వొచ్చు?

చింపడం, నలపడం, తడపడం, అంటించడం. అంతే, అదే చాలా ఎక్కువ. వాళ్ల అన్న గిన్నె చేస్తుంటే పేపరు చింపి పెట్టేది పాప. గుండీలు, మూతలు, పూసలు మాత్రం అందనివ్వకండి. టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్టగొట్టంలోంచి జారిపడే ఏ వస్తువైనా మూడేళ్లలోపు పిల్లల గొంతుకి ప్రమాదమేనని లెక్క వేసుకోండి. మూడు దాటినా, వస్తువులు నోట్లో పెట్టుకునే అలవాటు ఉంటే ఇదే కొలత. నాలుగు, ఐదు ఏళ్లకి మొద్దు మొన కత్తెరతో తిన్నటి గీత మీద, ఆరు, ఏడుకి వంపుల మీద కోయగలరు. ఎనిమిది దాటాక సూది. కట్టర్ కత్తి మాత్రం పదేళ్లు దాటాక, ఇనుప స్కేలుతో, పక్కన మీరు కూర్చున్నప్పుడే.

ప్రశ్న: న్యూస్‌పేపర్ ఊచలతో బుట్ట అల్లాం. రెండో వరస మొదటి వరస మీదే పడుతోంది, అల్లిక పడటం లేదు. గోడలు ఒక పక్కకి వాలాయి.

నిలువు ఊచలు లెక్కపెట్టండి, సరిసంఖ్య వచ్చి ఉంటుంది. ఒకే అల్లే ఊచతో పైనా కిందా పోతున్నప్పుడు నిలువు ఊచలు బేసి సంఖ్యలో ఉండాలి. అప్పుడే రెండో చుట్టులో పైన పోయింది కిందికి, కిందిది పైకి మారుతుంది. 20 సెం.మీ. వ్యాసం అడుగుకి 2.5 సెం.మీ. ఎడంగా 25 ఊచలు సరిపోతాయి. ఒకటి ఎక్కువైతే రెండింటిని జతగా పట్టుకుని ఒకటిగా లెక్కేసి అల్లేయండి.

వాలడానికి కారణం చేతి లాగుడు. లోపల ఒక పెద్ద డబ్బా పెట్టి దాని చుట్టూ అల్లితే గోడలు తిన్నగా వస్తాయి. ఊచలు చేసేటప్పుడు 10 సెం.మీ. వెడల్పు పట్టీని 3 మి.మీ. పుల్ల మీద మూల నుంచి ఏటవాలుగా చుట్టి, చివరి మూలకి మాత్రమే జిగురు చుక్క పెట్టండి. ఒక చివర సన్నగా, ఒకటి లావుగా వస్తుంది. లావు చివరలో ఇంకో ఊచ సన్న చివర 3 సెం.మీ. దూర్చితే అతుకు కనపడదు. మరీ ఎండిన ఊచ వంచితే విరుగుతుంది, కాస్త నీళ్లు చిలకరించండి. చివర్లో తెల్ల జిగురు, నీళ్లు సమంగా కలిపి రెండు పూతలు వేసి, డబ్బా తీయకుండానే ఎండనివ్వండి.

ప్రశ్న: అట్టపెట్టెతో పిల్లలకి పీట చేద్దామనుకుంటున్నాం. బరువు ఆగుతుందా?

ఆగుతుంది, ముడతలు నిలువుగా ఉంటే. అట్ట అంచున చూస్తే లోపల అలల వరస కనిపిస్తుంది కదా, అవి నిలువు గొట్టాల్లా నేలకి నిటారుగా నిలబడాలి. అడ్డంగా పెడితే మొదటిసారి కూర్చోగానే నలిగిపోతుంది. పిల్లలకి ఇది ముందే చూపించండి. అరచేయంత రెండు ముక్కలు కోసి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా బల్ల మీద నిలబెట్టి పైనుంచి అదిమితే తేడా చేతికే తెలుస్తుంది.

30 సెం.మీ. పొడవు, 25 సెం.మీ. ఎత్తు ముక్కలు 8 కోయండి. ఒక్కోదాని మీద అంచు నుంచి 6, 12, 18, 24 సెం.మీ. దగ్గర గుర్తులు పెట్టి, 4 ముక్కలకి పైనుంచి, 4 ముక్కలకి కిందనుంచి గాట్లు కోయాలి. గాటు లోతు ఎత్తులో సగం కన్నా 2 మి.మీ. ఎక్కువ, అంటే 12.7 సెం.మీ. వెడల్పు సరిగ్గా అట్ట మందమంతే, సాధారణంగా 3 నుంచి 5 మి.మీ. గాటు ఒక్క మిల్లీమీటరు వెడల్పయినా పీట ఊగుతుంది. అందుకే కొంచెం బిగువుగానే కోసి, నెమ్మదిగా దూర్చండి. ఒకదానిలో ఒకటి గుచ్చితే గడుల చట్రం తయారవుతుంది. పైనా కిందా 30 సెం.మీ. చదరపు అట్టలు రెండేసి, ఒకదాని ముడతలకి ఇంకోదాని ముడతలు అడ్డంగా వచ్చేలా తెల్ల జిగురుతో అంటించండి.

అంటించిన అట్ట విల్లులా వంగితే కంగారు పడొద్దు. జిగురు తడికి ఒక పక్క ఉబ్బుతుంది. రాత్రంతా పుస్తకాల బరువు కింద పెడితే చదునవుతుంది. రంగు వేసినా రెండు పక్కలా వేయండి. కోయడం పెద్దల పని. కొలవడం, గీయడం, గుచ్చడం పిల్లలది. మీరే అంతా చేసి చివర్లో రంగు మాత్రం వేయమంటే అది మీ పీట అవుతుంది, వాళ్లది కాదు.

ప్రశ్న: సీసా కోసి, తలకిందులు చేసి, వత్తి పెట్టి మొక్క నాటాం. కింద నీళ్లున్నా మట్టి ఎండిపోతోంది.

వత్తి ఏ బట్ట? పాలియెస్టర్ అయితే నీరు సరిగ్గా ఎక్కదు. పాత నూలు బనియను పట్టీ, 2 సెం.మీ. వెడల్పు, 20 సెం.మీ. పొడవు, రెండు తీసుకోండి. ముందుగా వాటిని నీళ్లలో తడిపి పిండాలి. పొడి వత్తి, పొడి మట్టి కలిస్తే నీరు ఎక్కడం మొదలే కాదు. మొదటిసారి పైనుంచి కూడా మట్టి తడిచేలా పోయండి. వత్తి చివర మూత దగ్గరే ఉండిపోకుండా మట్టిలో సగం ఎత్తు దాకా రావాలి. మూతకి రంధ్రం 8 మి.మీ. ఉంటే చాలు, ఇరుకైతే వత్తి నలిగి నీరు ఆగిపోతుంది.

లీటరు సీసాని పైనుంచి 12 సెం.మీ. దగ్గర కోస్తే, తలకిందులు చేసిన పైభాగం అడుగుభాగంలో బిగువుగా కూర్చుంటుంది. ఆ బిగువు అవసరం, సందు ఉంటే దోమలు గుడ్లు పెడతాయి. వారానికోసారి నీళ్లు పారబోసి కొత్తవి పోయండి. వెలుతురుకి నీళ్లలో నాచు పడుతుంది కాబట్టి అడుగుభాగానికి ముదురు రంగు బట్ట చుట్టండి. కోసిన అంచు చేతులు కోస్తుంది. పెద్దవాళ్లు ఇస్త్రీ పెట్టె మీద బేకింగ్ కాగితం పరిచి, మధ్యస్థ వేడిలో అంచుని ఒక్క క్షణం తాకిస్తే ముడుచుకుని నున్నగా అవుతుంది.

ప్రశ్న: పాత సీడీలు చాలా ఉన్నాయి. ఏదైనా ఆట వస్తువు చెప్పండి.

బొంగరం. సీడీ రంధ్రం 15 మి.మీ., మామూలు గోళీ 16 మి.మీ. కింది నుంచి పెడితే గోళీ రంధ్రంలో కూర్చుని 1 సెం.మీ. పొడుచుకొస్తుంది, అదే మొన. 3 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. పొడవు అట్ట పట్టీని బిగించి చుట్టి పైన పిడిగా పెట్టండి. రెండింటికీ జిగురు తుపాకీతో (గ్లూ గన్) కరిగించి పెట్టే వేడి జిగురు కావాలి, ఆ తుపాకీ పెద్దల చేతిలోనే ఉండాలి. చర్మం మీద జిగురు పడితే పీకకుండా 20 నిమిషాలు పారే చల్లటి నీళ్ల కింద పెట్టండి.

బొంగరం వణికితే పిడి మధ్యలో లేదన్నమాట. రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శక వలయం పిడికి అన్ని పక్కలా సమానంగా కనిపించాలి. 12 సెం.మీ. కాగితపు చక్రాన్ని 51 డిగ్రీల చొప్పున ఏడు భాగాలు చేసి, ఇంద్రధనుస్సు రంగులు వేసి పైన వేస్తే, తిరిగేటప్పుడు రంగులు కలిసిపోయి బూడిద తెలుపు కనిపిస్తుంది. తెల్లగా రాలేదని పిల్లలు అడుగుతారు. మనం వేసే రంగు తన మీద పడ్డ వెలుగులో కొంతే తిప్పి పంపుతుంది, మిగతాది మింగేస్తుంది, అందుకే బూడిదగా ఉంటుందని చెప్పండి. సీడీని కోయడం, విరవడం వద్దు. పగిలిన ముక్క గాజులా గుచ్చుకుంటుంది.

ప్రశ్న: రేకు డబ్బాకి చుక్కల రంధ్రాలు పెట్టి దీపం చేయాలని ఉంది. మేకు కొట్టగానే సొట్ట పడుతోంది.

డబ్బా నిండా మంచు ఉండాలి. పైన 2 సెం.మీ. ఖాళీ వదిలి నీళ్లు పోసి ఫ్రీజర్‌లో రాత్రంతా పెట్టండి. గడ్డకడితే నీరు దాదాపు 9 శాతం పెరుగుతుంది, అందుకే ఆ ఖాళీ. తర్వాత కాగితం మీద గీసిన బొమ్మని డబ్బాకి చుట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద పడుకోబెట్టి, సెంటీమీటరు ఎడంగా మేకు కొట్టండి. లోపలి మంచు రేకుని వెనక నుంచి పట్టుకుంటుంది. డబ్బా అంచుకి ముందే బట్ట టేపు రెండు చుట్లు వేయండి. లోపల పెట్టే చిన్న లైటు బ్యాటరీ మూత స్క్రూతో బిగించేదై ఉండాలి.

ప్రశ్న: అసలు వాడకూడని పాత వస్తువులు ఏవి?

ఇక్కడ మేం కచ్చితంగా ఉంటాం. పురుగుమందుల, ఇంజిన్ ఆయిల్ డబ్బాలు ఎంత కడిగినా వద్దు. ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. స్ప్రే డబ్బాలు ఖాళీగా కనిపించినా లోపల పీడనం మిగిలి ఉంటుంది, గుచ్చకూడదు. పెచ్చులు లేస్తున్న చాలా పాత రంగులో సీసం ఉండొచ్చు, అలాంటి బొమ్మలు, చెక్కలు గీకించకండి. పాత టీవీ, మైక్రోవేవ్ విప్పనివ్వకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది బిళ్ల బ్యాటరీకి. పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, చిన్న రిమోట్లు, బొమ్మల్లో ఉంటుంది. 20 మి.మీ. లిథియం బిళ్లని మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాల్చేయగలదు. మింగాడని అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాత బొమ్మ ఏదైనా పిల్లల చేతికిచ్చే ముందు బ్యాటరీలు మీరే తీసి, రెండు పక్కలా టేపు వేసి పక్కన పెట్టండి.

ప్రశ్న: విరిగిన క్రేయాన్లు కరిగించి కొత్తవి చేస్తే, పైన తెల్లటి పొర వచ్చింది. గీస్తే రంగు పడటం లేదు.

వేడి ఎక్కువై, ఎక్కువసేపు ద్రవంగా ఉంది. రంగుపొడి బరువుకి అడుక్కి దిగి మైనం పైకి తేలింది. 120 డిగ్రీలు దాటకుండా 10 నుంచి 15 నిమిషాలు, కరగగానే తీసేయండి. కాగితం తొక్క రావడానికి గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టండి, కానీ అచ్చులో వేసే ముందు పూర్తిగా తుడవండి. తడి ఉంటే వేడి మైనం చిటపటలాడుతుంది. అచ్చు సిలికాన్‌దైతే తేలిగ్గా వస్తుంది. అన్ని రంగులూ కలిపితే బురద రంగే, దగ్గరి రంగులు రెండు మూడు చాలు. మిగిలిన మైనం సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది.

ప్రశ్న: ఇల్లంతా ఖాళీ డబ్బాలు, అట్టలు. ఏదీ పారేయనివ్వడం లేదు మా పిల్లలు. చేసిన బొమ్మలూ పేరుకుపోతున్నాయి.

ఒక్క పెట్టె పెట్టండి, మూత పడేంత వరకే. కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి వాడాలి, లేదా తీసేయాలి. కడిగి ఆరనిది పెట్టెలోకి పోకూడదు, లేకపోతే చీమలు, బొద్దింకలు వస్తాయి.

చేసిన బొమ్మల గురించి మొదలుపెట్టే ముందే ఆలోచించాలి. సీసాకి కాగితం, కాగితానికి మెరుపుపొడి, దాని మీద వేడి జిగురు... ఇలా అన్నీ కలిపి అతికిస్తే, విరిగిన రోజున అది పాత సామాన్ల వాళ్లకీ పనికిరాదు, కాగితంలోనూ పోదు, ప్లాస్టిక్‌లోనూ పోదు. విడిగా ఉన్నప్పుడు మళ్లీ వాడుకోగలిగిన సీసా, బొమ్మ అయ్యాక వట్టి చెత్త అయిపోతుంది. అందుకే వీలైనచోటల్లా జిగురు బదులు ముడి, గాటు, కుట్టు వాడమంటున్నాం. మెరుపుపొడి అసలే వద్దు, అందులో ఎక్కువ భాగం సన్నటి ప్లాస్టిక్ తునకలే. పెట్టె నిండిన రోజున పిల్లలని కూర్చోబెట్టి పాత బొమ్మల ముడులు విప్పించండి. పురికొస ఒక ఉండగా, మూతలు ఒక డబ్బాలో, అట్టలు ఒక కట్టగా వేరు చేస్తారు. బొమ్మ పోయిందని ఏడ్చే పిల్లలకి విప్పే ముందు ఒక ఫొటో తీసి ఇవ్వండి.